మోటారు కారు నాడీపరీక్ష

మోటారు కారు చరిత్రమనగా దాని వేగముయొక్క చరిత్రమని పెక్కురు తలంతురు. నేను నేడు విన్నవింపదలచినది దాని జబ్బుల చరిత్రము. బండి కదలక నిలిచియుండగా ఇంజను సన్నగా, సమముగా తిరుగుచుండవలెను. అట్లుగాక వణకుచు, దగ్గుచు, ఆగిపోవజూచినచో మెకానిక్కు దానిని 'మిస్సింగు' అనును. పాత అంబాసిడరు గలవారికి ఈ శబ్దము చిరపరిచితము. దీనికి కారణము పెట్రోలా, విద్యుత్తా యను తగవు కారు పుట్టిన మూడవయేటనే మొదలైనది.

కార్ల్ బెంజి యను జర్మను 1886 జనవరి 29న తన మూడుచక్రముల బండికి పేటెంటు కోరెను. 1888 ఆగస్టులో అతని భార్య బెర్తా, భర్తకు తెలుపకయే ఇరువురు కుమారుల నెక్కించుకొని, మన్‌హైమునుండి తన పుట్టినూరగు ఫోర్ట్స్‌హైమునకు ఆ బండిని నడిపించుకొనిపోయెను. నూరు కిలోమీటర్లకు పైబడిన దారి. త్రోవలో ఇంధనపు గొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి శుభ్రపరచినదనియు, విద్యుత్తీగపై తొడుగు అరిగిపోగా మేజోటి పట్టీని దానికి చుట్టినదనియు చెప్పుదురు. ఇంధనమును వీస్‌లోహ్ అను ఊరి మందులషాపులో కొనెను. బెంజిని కొనియాడు గ్రంథములు ఈమెను ఒక్క పంక్తితో సరిపెట్టుట నాకు న్యాయముగా తోపదు. ఆమె చూచిన రెండు జబ్బులే, ఒకటి ఇంధనముది, రెండవది విద్యుత్తుది, నేటి వఱకును పాత కార్లను పీడించుచున్నవి.

సిలిండరులోని పెట్రోలు ఆవిరిని ఏ నిప్పుతో, ఏ క్షణమున అంటింపవలెనన్నది ఆనాటి పెనుచిక్కు. డైమ్లరు ఎఱ్ఱగా కాల్చిన గొట్టమును వాడెను. అది అగ్నిప్రమాదమునకు ఆటపట్టు. 1902లో బాష్ సంస్థలోని గాట్లోబ్ హోనోల్డు అధికవోల్టుల మాగ్నెటోను సిద్ధపరచెను. దానికి బ్యాటరీతో పనిలేదు. కాని చేతితో హ్యాండిలు త్రిప్పునపుడు నిప్పురవ్వ బలహీనము. హ్యాండిలు వెనుకకు తన్ని మణికట్టు విరిగినవారు ఎందఱో! అమెరికాలో చార్లెస్ కెటరింగు 1910 నాటి కాడిలాకు కార్లకు బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో కూడిన పద్ధతిని, 1912 నాటివానికి సెల్ఫు స్టార్టరును సమకూర్చెను. 1957లో వెలువడి 2014లో నిలిచిపోయిన మన అంబాసిడరు చిరకాలము ఆ కెటరింగు పద్ధతినే నమ్ముకొన్నది.

అందలి మర్మమిది. పాయింట్లు కలిసినపుడు కాయిలులో విద్యుత్తు ప్రవహించును. విడిన తక్షణము వేలకొలది వోల్టులు పుట్టి, డిస్ట్రిబ్యూటరు ద్వారా ప్లగ్గుకు చేరి రవ్వయగును. విడునపుడు పాయింట్లు మాడకుండ కండెన్సరు కాపాడును. దానిని కాయిలుకు 1853లోనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫిజో జోడించెను. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 600 చుట్లు తిరిగిన, సెకనుకు 20 రవ్వలు కావలెను. ఆ పాయింట్ల నడిమి సందు అంగుళములో వేయింట పదునైదు పాళ్లు మాత్రమే. అది చెడినచో తక్కినదంతయు తప్పును.

ఇక పరీక్ష. తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములని చదివితిమి గదా! ఒకటి యున్న రెండవది యుండుట, లేనిచో లేకుండుట. చదువెరుగని మెకానిక్కు చేయునదియు అదియే. ఇంజను తిరుగుచుండగా, తొడుగు గల పటకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా తీసిచూచును. తీయగానే వణకు హెచ్చినచో ఆ సిలిండరు పని చేయుచుండినది. ఏ మార్పును లేనిచో దోషమచటనే. పిమ్మట ప్లగ్గు రంగు చూచును. నల్లని మసి పెట్రోలు అధికమైనదనుటకు గుర్తు. మిక్కిలి తెల్లనిది కొఱతకు. లేత గోధుమవన్నె ఆరోగ్యమునకు. నాలుగును ఒకే తీరుగా ఉండి, వేగము హెచ్చగానే వణకు తగ్గినచో కార్బురేటరు క్రింది గాస్కెటునుండి గాలి చొరబడుచున్నదేమో చూడవలెను. సన్నగా తిరుగునపుడు ఇంజను త్రాగు గాలి కొంచెము గనుక, ఆ చిన్న కన్నమే పెద్ద దోషమగును.

దీపములు మసకబారి, హారను గొంతు పోయినచో అందఱును బ్యాటరీని నిందింతురు. మా ప్రాంతమున నొక పెద్దమనిషి ఒకే సంవత్సరమున రెండు బ్యాటరీలు కొనెను. తుదకు తేలినదేమనగా, ఛాసిస్‌కు బిగించు ఎర్తు పట్టీ త్రుప్పుపట్టినది! విద్యుత్తు బ్యాటరీకి మరలివచ్చు దారి ఆ ఇనుమే. గరుకు కాగితముతో రుద్ది బిగింపగా దీపములు వెలిగినవి. కొనుటకు ముందు కొలత చూచుట మేలు: నిండిన 12 వోల్టుల బ్యాటరీ నిలుకడగా 12.6 చూపును, ఇంజను వేగముగా తిరుగునపుడు సుమారు 14కు ఎక్కవలెను. ఎక్కనిచో డైనమోనో, రెగ్యులేటరునో అనుమానింపవలెను. డైనమో బండిలో ఇంజను సన్నగా తిరుగునపుడు ఎఱ్ఱదీపము మినుకుమినుకుమనుట రోగము కాదు. వేగము చాలక డైనమో విద్యుత్తు నీయకపోవుటచే నట్లగును.

కొత్త కార్లలో పాయింట్లు, కార్బురేటరు లేవు. అమెరికాలో 1996 నుండి ప్రతి కొత్త కారును తన దోషమును తానే సంఖ్యారూపమున చెప్పవలెనని నిబంధన యేర్పడెను. ఆ సంఖ్య మూడవ సిలిండరు తప్పుచున్నదని తెలుపును గాని, తప్పు ప్లగ్గుదో, కాయిలుదో తేల్చదు. అందుచే మెకానిక్కు నేటికిని మూడవదాని కాయిలు రెండవదానికి తగిలించి, తప్పు దానితో కూడ వెళ్లినదా లేదా యని చూచుచున్నాడు.