గూడుబండియా, మోటుబండియా?

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములలో కొంచెము కలిగిన రైతు కుటుంబమున పూర్వము రెండు బండ్లుండెడివి. ఒకటి గూడుబండి, రెండవది మోటుబండి. గూడుబండికి పైన వెదురుబద్దలు వంచి కట్టిన గూడు, లోపల మెత్తగా పరచిన గడ్డి, దానిపై జంపఖానా. ఆడపడుచును అత్తవారింట దింపవలెనన్నను, భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థమునకు పోవలెనన్నను ఆ బండియే కట్టెడివారు. మోటుబండి పేరునకు తగినట్లే మోటుది. ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయలు, పెంట, ఇటుకలు దాని పాలు. రెండు బండ్లు, రెండు జతల ఎడ్లు పోషింపలేనివాడు మోటుబండి నొక్కదానినే ఉంచుకొని, శుభకార్యము వచ్చినపుడు దానిపై గూడు ఎక్కించెడివాడు. గూడు ఎక్కెడిదే గాని కుదుపు తగ్గెడిది కాదు. లోపల కూర్చున్న ముసలమ్మల నడుములకు ఆ సంగతి బాగుగా తెలియును.

నేడు అదే ప్రశ్న వేరొక వేషమున వచ్చినది. కారునకును జీపునకును నడిమి రూపు కలిగి, నేలకు కొంత ఎత్తుగా నిలిచి, అయిదుగురు కూర్చుండుటకు వీలైన వాహనమును క్రాసోవరు అనుచున్నారు. ముందు ఇద్దరు కూర్చుండు గది, వెనుక సరుకు పోయుటకు తెరచిన తొట్టి ఉన్న దానిని పికప్పు అనుచున్నారు. ఈ రెండు తరగతులందును పెట్రోలు, డీజిలు లేక విద్యుత్తుతో నడుచు బండ్లు వచ్చినవి. ఉన్న సొమ్ము ఒక్క బండికే చాలునపుడు ఏది కొనవలెనను తర్జనభర్జన కోనసీమ అరుగుల మీద వినబడుచున్నది. ఈ ప్రశ్న విద్యుత్తుతో పుట్టినది కాదని మా అభిప్రాయము. ఈ సీమలో ప్రతి తరమువారును దీనిని ఎదుర్కొన్నారు. వారు చెప్పుకొన్న సమాధానమును బండికన్న బాటయే ఎక్కువగా నిర్ణయించినది.

ఆ బాట మొదట నీటిబాట. గౌతమి, వసిష్ఠ, సముద్రము అను మూడింటి నడుమ చిక్కిన ఈ నేలకు వైనతేయ మరియొక అడ్డు. 1847లో ఆరంభమై 1852 నాటికి ముగిసిన ధవళేశ్వరము ఆనకట్టతో మధ్యడెల్టా కాలువలు వచ్చినవి. ఆ కాలమందే గన్నవరము వద్ద లెఫ్టినెంటు హెయిగ్ పర్యవేక్షణలో 49 కమానుల అక్విడక్టు లేచి, కాలువనీరు వైనతేయను పైనుండి దాటి రాజోలు వైపునకు పోయినది. సర్ ఆర్థర్ కాటన్ కాలువలను పైరు తడుపుటకు మాత్రమే త్రవ్వించినవాడు కాడు. రైలుకన్న పడవ చౌక యని జీవితమంతయు వాదించినవాడు. అందుచేతనే కాలువలకు లొల్ల వంటి చోట్ల లాకులు అమర్చి, నీటిమట్టము మారినను పడవ ఎక్కి దిగుటకు ఏర్పాటు జరిగినది.

పడవలలో కూడ ఇదే భేదము కలదు. మనుష్యులను ఎక్కించుకొని రాత్రియంతయు నడిచి తెల్లవారునప్పటికి రేవు చేర్చునది రాదారి పడవ. ధాన్యము, కొబ్బరి, కలప మోయునది సరుకు పడవ. గాలి అనుకూలించిన తెరచాప, లేకున్న గట్టు వెంట తాడు భుజాన వేసికొని లాగు మనుష్యులు. సరుకు పడవకు తొందర లేదు. రాదారి పడవకు ఎంతోకొంత వేళ కలదు. చుట్టమును సరుకు పడవలో కూర్చుండబెట్టి పంపిన యింటికి మాట వచ్చెడిది. వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేసినపుడు మాత్రము ఈ రెండును సమానమే. రెండును బురదలో నిలిచిపోయెడివి.

రైలు ఈ సీమ గడప దాక వచ్చి వెనుదిరిగినది. కాకినాడ నుండి కోటిపల్లికి 1928లో పడిన మార్గము రెండవ ప్రపంచయుద్ధమున పట్టాలు ఊడదీయబడి అంతరించి, మరల 2004లో గాని తెరువబడలేదు. గౌతమి ఇవతలి ఒడ్డున కోటిపల్లి, అవతల ముక్తేశ్వరము, నడుమ రేవు. ఆ యుద్ధకాలమందే పెట్రోలునకు కరవు వచ్చి, బస్సులకు వెనుక పొయ్యి వంటి యంత్రము తగిలించి బొగ్గు కాల్చి, ఆ వాయువుతో నడిపినారు. ఎత్తు వచ్చినచో ప్రయాణికులు దిగి త్రోయవలసి వచ్చెడిదని పెద్దలు నవ్వుచు చెప్పెడివారు. పెట్రోలు కాని ఇంధనముతో మోటారు నడుచుట చూచి ఆశ్చర్యపడు నేటి యువకులు ఈ సంగతి ఎరుగరు.

విద్యుద్వాహనము సయితము నిన్న మొన్నటిది కాదు. 1900 ప్రాంతమున అమెరికా పట్టణములలో ఆవిరిబండ్లు, పెట్రోలుబండ్లు, విద్యుత్తుబండ్లు మూడును పోటీపడినవి. శబ్దము, పొగ లేనందున పట్టణపు స్త్రీలు విద్యుత్తుబండిని మెచ్చిరి. పెట్రోలు ఇంజనును చేతితో త్రిప్పి లేపవలసిన శ్రమ 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్ స్టార్టరు అమర్చుటతో తీరిపోవగా, విద్యుత్తు విలాసవాహనమునకు కాలము చెల్లినది. అయితే చరిత్రలో గమనింపదగిన విశేష మొకటి కలదు. సవారీబండి పోయినను సరుకుబండి మిగిలినది. ఇంగ్లండులో ఇల్లిల్లు తిరిగి పాలు పోయు విద్యుత్తుబండ్లు వేలసంఖ్యలో 20వ శతాబ్దమున నడిచినవి. కారణము తేలిక. పాలబండి దినమునకు ఎంత దూరము పోవునో, ఎన్నిచోట్ల ఆగునో ముందే తెలియును. రాత్రికి కొట్టము చేరును, తెల్లవారుజామునకు బ్యాటరీ నిండును. విలాసప్రయాణమునకు అట్టి హద్దు లేదు.

మన దేశమున కార్ల విషయమై 2001లో బెంగుళూరి రేవా మొదలు కొంత ప్రయత్నము జరిగినది. కాని కోనసీమ వాహనచరిత్రలో అంతకన్న ముఖ్యమైన సంవత్సరములు 2005, 2007 అని మేము తలచుచున్నాము. 2005లో టాటా ఏస్ అను నాలుగుచక్రముల చిన్న సరుకుబండి వచ్చినది. 2007లో అదే బండికి తొట్టి తీసి, గూడు వేసి, మనుష్యులు కూర్చుండుటకు మ్యాజిక్ అను పేర వెలువడినది. మన పూర్వులు మోటుబండిపై గూడు ఎక్కించిన తీరే గదా ఇది! ఒకటిన్నర మీటరు వెడల్పుగల ఆ బండి కాలువగట్టుల పైనను, ఇంటి ప్రక్క సందులోనికిని, తోట మొదలు దాకను పోయినది. అంతకుముందు లారీ రోడ్డు మీదనే ఆగి, కాయ నెత్తిమీద గట్టు చేరెడిది. లంకలలోని అరటిగెలలు సైకిళ్ళకు ఇరువైపుల వ్రేలాడుచు రావులపాలెము మార్కెట్టునకు చేరెడివి.

చిన్న సరుకుబండి వలన ఒక కీడు కూడ జరిగినది. దింపునకును వలుపునకును పోవు కూలీలు, రొయ్యలచెరువుల పనివారు, పెండ్లివారు సయితము ఆ తొట్టిలోనే నిలబడి ప్రయాణించుట అలవాటైనది. గట్టు మలుపున బండి ఒరిగినచో పట్టుకొనుటకు ఏమియు ఉండదు. సరుకుబండిలో ఊరక ఎక్కిన ప్రయాణికుని విషయమై బీమా సంస్థ నష్టపరిహారము చెల్లింపనక్కరలేదని 2002లో ఆశారాణి కేసునందు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. సరుకు యజమాని గాని, ఆతని ప్రతినిధి గాని సరుకుతో కూడ పోయినచో చట్టము కాపాడును. వారి బంధుబలగమును కాపాడదు. కనుక పికప్పు కొనువారు, "అవసరమైతే అందరము వెనుక ఎక్కుదుము" అను లెక్కను మొదటనే కొట్టివేయవలెను. ఈ ఒక్క విషయమున మేము ఎట్టి సడలింపునకును ఒప్పుకొనజాలము.

ఇక నేటి బండ్లు. 2020 జనవరిలో వెలువడిన నెక్సాన్ ఈవీ క్రాసోవరు ఒక్కసారి బ్యాటరీ నింపిన 312 కిలోమీటర్లు పోవునని నాడు తయారీదారులు ప్రకటించినారు. 2022 మేలో వచ్చిన ఏస్ ఈవీ 600 కిలోల సరుకుతో 154 కిలోమీటర్ల బండి. 2024లో ఒక టన్ను మోయు రకమును వచ్చినది. ప్రకటించిన దూరము పరీక్షశాలలోనిది. బాట మీద కొంత తరుగు తీసివేయుట వివేకము. అమలాపురము నుండి రాజమహేంద్రవరమునకు సుమారు 65 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు క్రాసోవరు నిశ్చింతగా చాలును. సరుకుబండికి తిరుగు ప్రయాణము ముగియునప్పటికి మిగులు కొంచెమే. కాని కొత్తపేట నుండి రావులపాలెమునకో, చుట్టుపట్ల తోటల నుండి అంబాజీపేట కొబ్బరి మార్కెట్టునకో దినమున నాలుగు తడవలు తిరిగినను దానికి భయము లేదు. ఇంగ్లండు పాలబండి తర్కమే ఇక్కడను పనిచేయుచున్నది. పైగా ఈ సీమ బల్లపరుపు నేల. కొండ ఎక్కు శ్రమ లేదు, కొండ దిగునపుడు బ్యాటరీకి తిరిగివచ్చు లాభమును లేదు.

ప్రభుత్వపు లెక్కలో కూడ ఈ రెండు బండ్లు వేరు. 2018 నుండి విద్యుద్వాహనములకు ఆకుపచ్చ పలక వచ్చినది. సొంత వాడుక బండికి దానిపై తెల్లని అక్షరములు, బాడుగ బండికి పసుపు అక్షరములు. ఆ యేడే విద్యుత్తుతో నడుచు బాడుగ బండ్లకు పర్మిటు అవసరము లేదని కేంద్రము ప్రకటించినది. తెల్ల అక్షరముల క్రాసోవరులో ఇంటికి నాలుగు బస్తాల బియ్యము తెచ్చుకొన్న అడుగువారు లేరు. ఊరివారి కాయను కూలికి మోయుట మాత్రము కుదరదు.

కోనసీమ నుండి అమెరికా చేరిన కుటుంబములు అనేకము. ఆ పిల్లలు అక్కడ పెద్ద విద్యుత్తు పికప్పులను చూచి, ఇంటికి ఫోనులో వర్ణించుట కద్దు. అక్కడి అనుభవమును కొంత చూడుడు. 2022లో వచ్చిన ఫోర్డు ఎఫ్-150 లైట్నింగు పికప్పునకు బరువైన ట్రైలరు తగిలించినచో పోవు దూరము సగమునకు సమీపముగా తగ్గినట్లు పరీక్షించినవారు వ్రాసినారు. 2025 డిసెంబరులో ఆ కంపెనీయే దాని తయారీని విరమించుచున్నట్లు ప్రకటించినది. 2023లో మాత్రము ప్రపంచమున అన్ని కార్లలోను అత్యధికముగా అమ్ముడైనది టెస్లా మోడల్ వై అను విద్యుత్తు క్రాసోవరు. దీనిని చూచి పికప్పు పనికిరానిదని తేల్చుట తొందరపాటు. అమెరికాలో పికప్పు సగము విలాసము, సగము పని. ఇక్కడి చిన్న సరుకుబండి పూర్తిగా పనియే.

మరియొక భయము గాలివానది. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను ఈ తీరమును దాటినపుడు వేయిమందికి పైగా ప్రాణములు కోల్పోయినారు. లక్షలాది కొబ్బరిచెట్లు నేల వ్రాలినవి. విద్యుత్ స్తంభములు కూలి అనేక గ్రామములు చాలదినములు చీకటిలో నున్నవి. అట్టి దినములలో విద్యుత్తుబండి ఏమి చేయును? నిండిన బ్యాటరీతో రెండు మూడు ప్రయాణములు చేసి నిలిచిపోవును. అయితే చెట్లు అడ్డముపడిన బాటపై పెట్రోలుబండియు నడువలేదు, బంకులకు ట్యాంకరును రాలేదు. తుపాను హెచ్చరిక రాగానే బ్యాటరీ నింపి, బండిని మెరక మీద నిలుపుట ఆ ఇంటివారు అలవరచుకొనవలసిన పని. పూర్వులు ఎడ్లను మెరకకు తోలినట్లే.

అయితే ఏది కొనవలెను? మా దృష్టిలో ఇది తోటలో దింపు ఎప్పుడెప్పుడు జరుగునను లెక్కతో తేలును. నెలన్నరకో, రెండు నెలలకో ఒకసారి కాయ దింపించు రైతునకు సరుకుబండి పని సంవత్సరమున కొలది దినములు మాత్రమే. ఆ దినములకు బాడుగబండి దొరకును. పలుచోట్ల కాయ కొన్న వర్తకుడే బండి తెచ్చును. మిగిలిన దినములలో ఆతనికి కావలసినది పిల్లలను కళాశాలకు, తల్లిని కాకినాడ ఆసుపత్రికి చేర్చు గూడుబండియే. అంబాజీపేటలో కాయ కొని అమ్మువానికి, చెరువునకు మేత మోయువానికి, అరటిగెలల వర్తకునికి తొట్టిబండి ప్రతిదినము తన ఖర్చు తాను తెచ్చుకొనును. అట్టివాడు ఇంటివారి మాటకు లొంగి క్రాసోవరు కొని, సీట్లు మడచి అందులో గెలలు కుక్కినచో అరటిపాల మరకలు పోగొట్టుకొనుటకే సగము ఆదాయము చాలదు. చిక్కంతయు రెండెకరముల కౌలురైతుది. ఆతనికి రెండును కావలెను, ఒకదానికే అప్పు పుట్టును. ఆతడు తొట్టిబండియే కొని, కుటుంబమును బస్సులో పంపుట మేలని మా మాట. బండి అప్పు బండియే తీర్చవలసిన ఇల్లు గదా అది. ఆర్టీసీ బస్సు ఆ కుటుంబమునకు క్రొత్త కాదు.

లంకగ్రామములవారికి మాత్రము ఈ తర్జనభర్జన సగము సంవత్సరమునకే వర్తించును. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద పారినది. 2022 జూలైలో మరల లంకలు మునిగినవి. అంత పెద్ద వరద రానక్కరలేదు. గోదావరి కొంచెము పొంగిన చాలును, చాకలిపాలెము వద్ద కనకాయలంక కాజ్‌వే నీట మునుగును. అప్పుడు కాయయు, గెలయు, బడిపిల్లలును ఒకే పడవలో గట్టు చేరుదురు; క్రాసోవరైనను పికప్పైనను ఈవలి ఒడ్డున వారికొరకు వేచియుండును.