మనకెందుకులే అనని మనిషి

పక్కింట్లో అన్యాయం జరుగుతుంటే "మనకెందుకులే" అని తలుపేసుకుంటాం మనం. అలా వేసుకోలేకపోయిన వాళ్ళలో నాకెంతో ఇష్టమైనవారు దక్షిణాఫ్రికాలోని డెనిస్ హర్లీ. 1915లో కేప్‌టౌన్‌లో పుట్టారు. తండ్రి రాబెన్ దీవిలో లైట్‌హౌస్ కాపలాదారు. తర్వాత మండేలాని ఖైదు చేసింది ఆ దీవిలోనే!

1951లో హర్లీ డర్బన్ ఆర్చిబిషప్ అయ్యారు. తెల్లజాతివారు, పైగా పెద్ద పదవి. నోరు మెదపకపోతే అడిగేదెవరు? అయినా 1957లో ఆయన అధ్యక్షతన బిషప్పులు, వర్ణవివక్ష మూలంలోనే చెడ్డదని తేల్చిచెప్పారు. నమీబియాలో పోలీసు దౌర్జన్యాలను బయటపెట్టినందుకు 1984లో ఆయన మీద కేసు పెట్టారు. మరుసటి ఏడు సర్కారే వెనక్కి తీసుకుంది.

1992లో పదవి దిగి, మామూలు ఫాదరీగా చర్చిలో పనిచేసుకున్నారు. 1994లో నల్లజాతివారు ఓటు వేసే రోజు కళ్ళారా చూశాకే, 2004లో కన్నుమూశారు. చీకట్లో దీపం కాచినవాడి కొడుకు మరి!