డాడ్జ్ ఛాలెంజర్ హెల్‌క్యాట్, డీమన్

హెల్‌క్యాట్, డీమన్ అనేవి అమెరికాకు చెందిన డాడ్జ్ సంస్థ తన ఛాలెంజర్ కారులో విడుదల చేసిన రెండు రకాలు. పెద్ద వి8 ఇంజను గల ఇటువంటి కార్లను అమెరికాలో మజిల్ కార్లు అంటారు. హెల్‌క్యాట్ 2015 మోడలుగాను, డీమన్ 2018 మోడలుగాను వచ్చాయి.

ఇంజను

రెండింటిలోను సూపర్‌ఛార్జరు అమర్చిన 6.2 లీటర్ల పెట్రోలు ఇంజను ఉంది. ఇంజను శక్తితోనే తిరిగే సూపర్‌ఛార్జరు సిలిండర్లలోకి గాలిని ఒత్తిడితో పంపుతుంది. అందువలన ఎక్కువ ఇంధనం మండి శక్తి పెరుగుతుంది. దీని పరిమాణం హెల్‌క్యాట్‌లో 2.4 లీటర్లు, డీమన్‌లో 2.7 లీటర్లు. హెల్‌క్యాట్ శక్తి 707 హార్స్‌పవర్. డీమన్ శక్తి బంకులలో దొరికే పెట్రోలుతో 808, పందేలలో వాడే అధిక ఆక్టేన్ పెట్రోలుతో 840 హార్స్‌పవర్.

వేగం

సంస్థ ప్రకటన ప్రకారం పావు మైలు (సుమారు 402 మీటర్లు) దూరానికి హెల్‌క్యాట్‌కు 11.2 సెకన్లు, డీమన్‌కు 9.65 సెకన్లు పడుతుంది. అయితే గరిష్ఠ వేగంలో హెల్‌క్యాట్‌దే పైచేయి. దాని వేగం గంటకు సుమారు 320 కి.మీ. కాగా, డీమన్ వేగాన్ని సుమారు 270 కి.మీ.కు పరిమితం చేశారు. డీమన్ తిన్నని బాటపై జరిగే పొట్టి పందేలకు ఉద్దేశించినది. దాని టైర్లు కూడా బయలుదేరేటప్పుడు నేలను గట్టిగా పట్టుకొనే రకానివి. బరువు తగ్గించడానికి డ్రైవరు సీటు మాత్రమే ఇచ్చి, మిగిలినవి కోరినవారికి అమర్చారు. కనుక శక్తి ఎక్కువైనంత మాత్రాన అన్ని విధాలా వేగం ఎక్కువ కాదు.

ఉత్పత్తి

2018 డీమన్‌లను 3,300 మాత్రమే తయారుచేశారు. కెనడాలోని బ్రాంప్టన్ కర్మాగారంలో ఛాలెంజర్ ఉత్పత్తి 2023లో ముగిసింది.