ఈథ్0 ఎప్పుడు పోయింది?

లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డుల పేర్ల చరిత్రను చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈథ్0, ఈథ్1 అంటూ హాయిగా సాగుతున్న పద్ధతిని 2013లో సిస్టమ్‌డీ వచ్చి చెడగొట్టిందట! ఇందులో కాలక్రమమే కుదరదు.

తొలి రోజుల్లో, ఐఎస్ఏ కార్డులప్పుడు, కెర్నల్ సాధారణంగా ఒక్క కార్డునే వెతికేది. రెండోది కావాలంటే బూట్ చేసేటప్పుడు ‘ఈథర్=’ అని విడిగా చెప్పాలి. పీసీఐతో ఆ అవస్థ తీరింది. ముందు దొరికింది ఈథ్0, తర్వాతది ఈథ్1.

ఆ వరస తప్పింది 2013లో కాదు, 2.6 కెర్నల్ కాలంలో అని నా వాదన. పరికరాలను చూసుకునే యూడెవ్ వచ్చాక డ్రైవర్లు ఒకేసారి లోడ్ కావడం మొదలైంది. రెండు రకాల కార్డులుంటే ఏది ముందు తేలుతుందో చెప్పలేం. ఫైర్‌వాల్ యంత్రంలో ఇది ప్రమాదం: ఇంటర్నెట్ వైపు రాసిన నియమాలు లోపలి నెట్‌వర్క్‌కు వర్తిస్తాయి. విరుగుడుగా ఒక్కో కార్డు మ్యాక్ అడ్రస్‌నూ ‘70-పర్సిస్టెంట్-నెట్.రూల్స్’ ఫైల్లో రాసిపెట్టే ఏర్పాటు వచ్చింది. మామూలు సర్వర్లలో అది బాగానే నడిచిందని ఒప్పుకోవాలి. వర్చువల్ మెషీన్‌ను క్లోన్ చేస్తే మాత్రం మ్యాక్ మారుతుంది. ఈథ్0 పాత మ్యాక్ పేరిటే ఉండిపోతుంది, కొత్త కార్డు ఈథ్1 అవుతుంది, ఈథ్0కి రాసిన ఐపీ పనిచేయదు. టెంప్లేట్ చేసే ముందు ఆ ఫైలు చెరిపేయడం అడ్మిన్లకు అలవాటైపోయింది. పైగా కెర్నల్, యూడెవ్ రెండూ ఒకే వరసలోంచి పేర్లు తీస్తాయి. యూడెవ్ ఒక కార్డును ఈథ్1 చేయబోయేలోగా కెర్నల్ ఆ పేరు మరో కార్డుకి ఇచ్చేయవచ్చు. ఆ వరసనే వదిలేస్తే తప్ప ఈ చిక్కు తీరదు. డెల్ వారి బయోస్‌డెవ్‌నేమ్ అనే సాధనం ఆ పనే చేసింది. 2011లో ఫెడోరా 15 దాన్ని తీసుకుని ఈఎం1, పీ1పీ1 లాంటి పేర్లు పెట్టింది. కొత్త పేర్లతో సిస్టమ్‌డీ 197 రావడం ఆ తర్వాతి మాట.

అలాగని సిస్టమ్‌డీని వెనకేసుకు రావడం లేదు. ముందే ఊహించగల పేర్లన్న దాని ప్రకటనలో అతిశయం ఉంది. అది పెట్టే ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరులో ఉన్నది పీసీఐ బస్సు అంకె. పక్కన ఇంకో కార్డు పెడితే పాత కార్డే ఈఎన్‌పీ4ఎస్0 కావచ్చు. సిస్టమ్‌డీ వెర్షన్ మారినా పేరు నిలవడానికి ‘నెట్.నేమింగ్-స్కీమ్’ అనే మరో సెట్టింగు పెట్టాల్సి వచ్చింది. ఒక్క కార్డే ఉన్న యంత్రానికి ఇదంతా దండగ, ‘నెట్.ఇఫ్‌నేమ్స్=0’తో పాత పేరే తెచ్చుకోవచ్చు. రెండు మూడున్న సర్వర్‌లో మ్యాక్‌ను బట్టి సిస్టమ్‌డీ లింక్ ఫైల్లో లాన్0, వాన్0 అని మనమే పెట్టుకోవడం మేలు. కార్డు మార్చిన రోజున ఆ ఒక్క లైను దిద్దాలి, అంతే.