సిరోంచ వంటింట్లో నత్తలు, ఎండ్రకాయలు, అడవి మాంసం

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొస సిరోంచ తాలూకా. ఊరు ప్రాణహిత ఒడ్డున ఉంది. ఆ ఊరు దాటిన కొద్ది దూరానికే ప్రాణహిత గోదావరిలో కలుస్తుంది. సంగమానికి అవతలి ఒడ్డున తెలంగాణలోని కాళేశ్వరం. ఇక్కడ చాలా ఇళ్ళలో తెలుగు, బడిలో మరాఠీ, అంగట్లో రెండూ వినిపిస్తాయి. ఈశాన్యంగా అడవిలోకి వెళ్ళేకొద్దీ గోండి, మాడియా భాషలు మొదలవుతాయి. ఈ ప్రాంతం గురించి రాసినవారు టేకు అడవుల గురించి, నది హద్దుల గురించి ఎక్కువగా రాశారు. మేము ఈ వ్యాసంలో ఇక్కడి పొయ్యి దగ్గరకు వెళ్ళదలచాము. బయటివారు 'వింత తిండి' అని పేరు పెట్టిన నత్తలు, గుల్లలు, ఎండ్రకాయలు, చీమలు, అడవి మాంసం ఇక్కడి జీవితంలో ఏ స్థానంలో ఉండేవో, ఈనాడు వాటి పరిస్థితి ఏమిటో చూద్దాం.

ముందుగా కొంత చరిత్ర చెప్పవలసి ఉంది. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఆంగ్లేయులకు వదులుకొన్నాడు. వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. సిరోంచ దానికి ముఖ్యపట్టణం. గోదావరి మీద పడవల రాకపోకలు సాగించాలన్న పెద్ద పథకం ఆ రోజులలోనే నడిచింది. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి దగ్గర నదిలోని రాతి అడ్డంకులను దాటించే పనులు తలపెట్టి, 1871లో విరమించారు. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం వైపు భాగం మద్రాసు రాజధానికి పోయింది, సిరోంచ చాందా జిల్లాలో కలిసింది. తరువాత మధ్యప్రదేశ్, 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982లో కొత్త గడ్చిరోలి జిల్లా. ఇన్ని చేతులు మారినా ఇంటి తెలుగు నిలిచింది. ఇంటి తెలుగుతో పాటు ఇంటి వంట కూడా నిలిచింది.

పాలకుల రాతలలో ఈ వంట ఎలా కనిపిస్తుందో గమనించదగ్గది. 1916లో రసెల్, హీరాలాల్ మధ్య పరగణాల కులాలు, తెగల గురించి నాలుగు సంపుటాలు వెలువరించారు. ఏ కులం ఏ మాంసం తింటుంది, ఎవరి చేతి నీళ్ళు తాగుతుంది, ఎవరితో కలిసి కూర్చుంటుంది అన్నవి అందులో శ్రద్ధగా నమోదయ్యాయి. అక్కడ తిండి అంతస్తును కొలిచే కొలబద్ద. ఎలా శుభ్రం చేస్తారు, ఏ పులుపు వేస్తారు, ఏ కార్తెలో తింటారు అన్నవాటికి అంతటి చోటు దొరకలేదు. వండే చేయి ఎక్కువగా ఆడవారిది కావడం, రాసే చేయి మగవారిది కావడం కూడా దీనికొక కారణం. ఫలితంగా 'ఫలానావారు ఫలానాది తింటారు' అన్న మాట పుస్తకాలలో మిగిలింది. ఆ మాటే ఊళ్ళలో ఎగతాళిగా చెలామణి అయింది.

నుడికారం మాత్రం ఆ ఎగతాళికి లొంగలేదు. మెల్లగా నడిస్తే నత్తనడక అంటాం, వదలకుండా పట్టుకొంటే ఉడుంపట్టు అంటాం. పీత కష్టాలు పీతవే అని సామెత చెప్పుకొంటాం. నత్త తమిళంలో నత్తై, ఉడుము తమిళంలో ఉడుంబు. తెలంగాణ వారి ఎండ్రకాయ, తమిళుల నండు, కన్నడిగుల ఏడి ఒకే మూలం నుంచి వచ్చిన మాటలు. ఇవి ఎక్కడినుంచో అరువు తెచ్చుకొన్నవి కావు. ద్రావిడ భాషలు విడిపోకముందే ఈ జీవులకు పేర్లు ఉన్నాయని భాషాశాస్త్రం చెబుతుంది. అంటే మన పంక్తిలో చోటు పోగొట్టుకొన్న ప్రాణులకు మన నాలుకపై మాత్రం ఇంకా చోటుంది.

ఇక వంట సంగతి. వానలు పడి వరి మళ్ళలో నీరు నిలిచాక నత్తలు బయటపడతాయి. తెచ్చిన నత్తలను వెంటనే వండరు. ఒక రాత్రి శుభ్రమైన నీళ్ళలో వదిలితే లోపలి బురద కక్కుతాయి. మర్నాడు ఉడకబెట్టి, ముల్లుతోనో సూదితోనో మాంసాన్ని బయటికి లాగుతారు. వెనక మెలితిరిగి నల్లగా ఉండే పేగు భాగాన్ని తీసి పారేస్తారు. ఉప్పు, పసుపు వేసి జిగురు పోయేదాకా కడుగుతారు. ఆపైన ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, కారం వేసి చింతపండుతోనో చింతచిగురుతోనో వండుతారు. నమిలేటప్పుడు పంటికి కొంచెం సాగుతుంది; రుచిలో మట్టివాసన లీలగా ఉంటుంది. ఆ వాసనను అణచడానికే ఇంత పులుపు. కడగడంలో ఓపిక చాలని చోట ఎంత మసాలా వేసినా కూర కుదరదు.

ఏటి అడుగున ఇసుకలో, ఒండ్రులో దొరికే ఆల్చిప్పలదీ ఇదే తీరు. వేడినీళ్ళలో వేస్తే చిప్ప నోరు తెరుస్తుంది; తెరవనిది పారేయాలి. లోపలి మాంసం చిన్నది, చిప్ప పెద్దది. ఆ చిప్ప కూడా వృథా పోదు. కాల్చితే సున్నమవుతుంది. నడుమ అరగదీసి బెజ్జం చేస్తే మామిడికాయ చెక్కు తీసే పనిముట్టు అవుతుంది. కత్తిపీట చేయలేనంత పలుచగా అది చెక్కు తీస్తుంది. ఈ చిప్ప తెలుగునాట మాంసం ముట్టని ఇళ్ళలోనూ ఊరగాయల కాలంలో చేతిలో ఉండేది. లోపలి ప్రాణిని తినేవారిని చిన్నచూపు చూసిన ఇంట్లో పైచిప్ప నిశ్చింతగా మామిడికాయల పక్కన కూర్చుంది.

పొలం గట్లలో, వాగుల రాళ్ళ కింద దొరికే ఎండ్రకాయ రుచిలో వీటన్నిటికన్నా మిన్న. పైచిప్ప ఊడదీసి, లోపలి మెత్తని భాగాలు శుభ్రం చేసి, శరీరాన్ని ముక్కలు చేస్తారు. మంచినీటి ఎండ్రకాయ కాళ్ళలో మాంసం తక్కువ. అందుకని వాటిని రోట్లో దంచి, నీళ్ళు కలిపి, గుడ్డలో పిండి, ఆ రసాన్ని పులుసులో పోస్తారు. కాగుతున్నకొద్దీ ఆ రసం చిక్కబడి పులుసుకు తీపి వంటి ఒక రుచి ఇస్తుంది. నిప్పుల మీద కాల్చి ఉప్పు అద్దుకొని తినడం పొలంలోని పద్ధతి. జలుబు, దగ్గులకు ఈ పులుసు మంచిదని పెద్దల నమ్మకం. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. మంచినీటి పీతలను సరిగా ఉడికించకుండా తింటే ఊపిరితిత్తులలో చేరే పురుగు ఒకటుంది. మణిపూర్‌లో 1980ల నుంచి ఈ వ్యాధిని గుర్తించారు. దాన్ని క్షయ అని పొరబడిన సందర్భాలు ఉన్నాయి. పులుసును తెర్లేదాకా మరిగించడం రుచికే కాదు, ప్రాణానికీ మేలు.

అడవి దగ్గరపడేకొద్దీ చీమల తొక్కు వస్తుంది. చెట్ల ఆకులను కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలను, వాటి తెల్లని గుడ్లతో సహా దులిపి, ఉప్పు, మిరప, ఎల్లిగడ్డ వేసి నూరుతారు. బస్తర్‌లో దీన్ని చాప్డా అంటారు. దీని పులుపు చింతపండు పులుపు వంటిది కాదు. ముక్కుకు తగిలే పదును ఉంటుంది. ఆ పదును ఫార్మిక్ ఆమ్లానిది. 1671లో ఇంగ్లండులో జాన్ రే చీమలను బట్టీపట్టే ఈ ఆమ్లాన్ని తీశాడు. లాటిన్‌లో చీమ అన్న మాట నుంచే దానికి ఆ పేరు. ఇటువంటిదే ఒడిశాలోని మయూర్‌భంజ్ చీమల పచ్చడికి 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు దక్కింది. తొలకరికి పుట్టలోంచి లేచే ఉసిళ్ళ సంగతీ ఇంతే. దీపం వెలుగుకు చేరిన వాటిని పట్టి, మంగలంలో వేయించి, చాటలో చెరిగి రెక్కలు పోగొట్టి, వేయించిన బియ్యంతో కలిపి తింటారు. నూనె వేయకపోయినా వాటి కొవ్వుతోనే కమ్మగా ఉంటాయి.

అడవి మాంసాన్ని మేము చరిత్రగానే చెబుతున్నాము. అడవిపంది, కుందేలు, ఏదుపంది, ఉడుము, కొండగొర్రె ఒకప్పుడు ఈ ప్రాంతపు వేటలో దొరికేవి. మంట మీద వెంట్రుకలు కాల్చడం, పసుపు పట్టించడం, నూనె లేకుండా నీళ్ళతో నెమ్మదిగా ఉడికించడం సాధారణ పద్ధతి. అడవి జంతువు తిరిగి తిరిగి బతికేది కాబట్టి కొవ్వు తక్కువ, కండ గట్టి. తొందరపడితే తోలులా మిగులుతుంది. అడవిపంది ఒక్కటే తన కొవ్వులో తాను వేగుతుంది. మిగిలిన మాంసాన్ని సన్నగా కోసి, పొయ్యి పైన పొగ తగిలేచోట వేలాడదీసి ఒరుగులు చేసుకొనేవారు.

ఇది అడవివారి తిండి మాత్రమే అనుకోవడానికి వీలులేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో రాజభోజనానికి ప్రత్యేక భాగం ఉంది. అడవిపంది మాంసంతో పాటు తాబేలు, ఎండ్రకాయ, ఏటి ఒడ్డున తిరిగే నల్ల ఎలుకలు ఎలా వండాలో అందులో ఉంది. నాటి తొలి కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులు. రాజు పళ్ళెంలో ఉన్నప్పుడు శాస్త్రంగా గ్రంథానికెక్కిన వంట, పేదవాడి కుండలోకి వచ్చేసరికి వింత అయింది. వస్తువు మారలేదు, కుండ మారింది.

అయితే రుచిని పొగుడుతూ ఆకలిని మరవకూడదు. బాబా ఆమ్టే 1973 డిసెంబరులో ఇదే జిల్లాలోని హేమల్‌కసాలో మాడియాల కోసం లోక్ బిరాదరీ ప్రకల్ప్ ప్రారంభించారు. ఆయన కుమారుడు డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, కోడలు డాక్టర్ మందాకిని అక్కడ వైద్యం చేశారు. ఒకసారి వేటగాళ్ళు చంపిన తల్లి కోతిని మోసుకొస్తుంటే, పిల్ల ఇంకా దానిని కరుచుకొని ఉండడం ప్రకాశ్ చూశారు. పిల్లనూ తినడానికే తీసుకువెళుతున్నారు. ఆయన బియ్యం ఇచ్చి ఆ పిల్లను తీసుకొన్నారు. అక్కడి జంతువుల అనాథాశ్రమం అలా మొదలైంది. ఈ సంఘటనలో మాకు ముఖ్యంగా తోచేది బియ్యం. గింజలు దొరికితే కోతిపిల్లను వదులుకోవడానికి ఆ వేటగాళ్ళు సిద్ధపడ్డారు. కుండలో ఉన్నదంతా ఇష్టపడి వండినది కాదు. కొంత రుచి కోసం, కొంత గత్యంతరం లేక.

ఈనాడు చట్టం ఈ వంటింటిని రెండుగా విడదీసింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, ముఖ్యంగా 1991 సవరణ తరువాత, వేటను దాదాపు పూర్తిగా నిషేధించింది. ఉడుము అత్యున్నత రక్షణ పొందే జాబితాలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం చేపలు, నీటి వనరులలోని ఇతర ఉత్పత్తులపై అడవివాసుల సాముదాయిక హక్కును గుర్తించింది. వేటాడే సంప్రదాయ హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. ఈ చట్టం కింద దేశంలో తొలుదొలుత సాముదాయిక హక్కు పొందిన గ్రామాలలో ఒకటైన మేంఢా-లేఖా (2009) కూడా గడ్చిరోలి జిల్లాలోదే. అంటే ఏటి గుల్ల హక్కు, అడవి ఉడుము నేరం. అడవి ఖాళీ అవుతున్న రోజులలో రెండవ మాటతో మాకు పేచీ లేదు. అయితే వేట మీది నిషేధం నత్త మీదికీ ఎండ్రకాయ మీదికీ సిగ్గుగా పాకడం న్యాయం కాదు.

హక్కు ఉన్నంత మాత్రాన నదిలో గుల్ల ఉండాలని లేదు. గోదావరి మంచినీటి రొయ్యల పిల్లలు సముద్రపు ఉప్పు కలిసే నీటిలోనే బతికి, పెరుగుతూ ఎగువకు ఎక్కివస్తాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిననాటి నుంచి నదికి అడ్డం లేచిన ప్రతి గోడా వాటి దారికి అడ్డమే. 2019 జూన్‌లో ప్రారంభమైన మేడిగడ్డ బరాజ్ ఎడమ కొస సిరోంచ తాలూకా గట్టుకే ఆనింది. దాని వెనుక నిలిచిన నీటివల్ల పొలాలు మునుగుతున్నాయని ఇటువైపు రైతులు ఆందోళన చేశారు. 2023 అక్టోబరులో దాని స్తంభాలు కుంగాయి. ఇసుక మీద పలుచగా పారే ఏరు వేరు, నిలువ నీరు వేరు. అడుగున బతికే ఆల్చిప్పకు, దాన్ని ఏరే చేతికి ఆ తేడా ముందుగా తెలుస్తుంది.

సిరోంచ వంటి చోట్ల నుంచి చదువులకు దూరం వచ్చిన తెలుగు విద్యార్థులు తమ ఇంటి కూర పేరు చెప్పడానికి జంకే సందర్భాలు ఉంటాయి. జంకినకొద్దీ కూర పోతుంది, దానితో ఒక పదసంపద పోతుంది. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు పెద్దవారిని అయిదు సంగతులు అడగమని మా సూచన: ఆ ప్రాణికి ఇంట్లో వాడే పేరు, దొరికే కార్తె, ఏరేది ఎవరు, శుభ్రం చేసే తీరు, వేసే పులుపు. పక్కింటివారు గోండి మాట్లాడేవారైతే వారి పేరు కూడా అడిగి పక్కన రాసుకోవాలి. పులుపు గురించి అడిగేటప్పుడు తొందరపడకూడదు. చింతపండా, చిగురా, గోంగూరా, చీమలా అన్నది ఊరినిబట్టి, ఒక్కోసారి ఇంటినిబట్టి మారుతుంది. 1916 నాటి సంపుటాలలో చోటు దొరకని సంగతులు ఇవే.