లోక్‌తాక్ ఒడిలో సంగాయి

1951లో మణిపూర్ అడవుల నుండి సంగాయి జింక పూర్తిగా అంతరించిపోయిందని అధికారికంగా ప్రకటించారు. అప్పటికి ఆ జాతి శాస్త్రగ్రంథాలకెక్కి నూరేళ్లు దాటింది. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధంలో మణిపూర్‌లో దాన్ని చూసి లోకానికి తెలిపిన ఎల్డ్ అనే బ్రిటిష్ సైనికాధికారి పేరే దాని శాస్త్రనామంలో స్థిరపడింది. ప్రకటన వెలువడిన రెండేళ్లకు, అంటే 1953లో, అస్సాం తేయాకు తోటలలో పనిచేస్తూ ప్రకృతి పరిశీలనలో జీవితం గడిపిన ఇ. పి. జీ అక్కడికి వెళ్లి, లోక్‌తాక్ సరస్సు ఆగ్నేయపు అంచున రెల్లుదుబ్బుల మధ్య కొన్ని సంగాయిలు బతికే ఉన్నాయని నిర్ధారించారు. పరిసర గ్రామాల మైతేయి జాలరులకు అది కొత్త సంగతి కాకపోవచ్చు. వారి మాట దస్త్రాలలోకి చేరలేదంతే.

ఆ జింకలకు ఆశ్రయమిచ్చిన చోటు సామాన్యమైన అడవి కాదు. అసలు నేలే కాదు. మణిపూర్ లోయలోని ఏరులు వచ్చి చేరే స్థలం కనుక ఆ సరస్సుకు 'లోక్‌తాక్' అని పేరు. ఏరుల అంతమని దాని అర్థం. ఈశాన్య భారతంలో అదే అతిపెద్ద మంచినీటి సరస్సు. దాని మీద 'ఫుమ్‌డీ' అనే తేలియాడే పచ్చిక పెరుగుతుంది. కుళ్లిన వేళ్లు, ఆకులు, ఒండ్రు, వాటి మీద మొలిచిన కొత్త గడ్డి ఏళ్ల తరబడి పెనవేసుకుని దట్టమైన చాపగా తయారవుతాయి. చాప మందంలో ఇంచుమించు అయిదో వంతు నీటిపైన ఉంటే, మిగిలినదంతా నీటిలో మునిగి ఉంటుంది. అంగుళాల మందం నుండి రెండు మీటర్ల మందం వరకు ఫుమ్‌డీలు కనిపిస్తాయి. కైబుల్ లామ్‌జావో జాతీయ వనం విస్తీర్ణం 40 చదరపు కిలోమీటర్లు. అందులో అధికభాగం ఇటువంటి తేలే నేలే. ప్రపంచంలో తేలియాడే జాతీయ వనం ఇదొక్కటేనని ప్రసిద్ధి.

ఆ చాప మీద పెరిగే వృక్షసంపద ప్రత్యేకంగా చెప్పుకోదగినది. కొల్లేటి వాసులు కిక్కిస అని పిలిచే గడ్డి ఇక్కడా విస్తారంగా ఉంది. మైతేయిలు దాన్ని 'తౌ' అంటారు. దానితో పాటు రెల్లు జాతులు, తెల్లని పూలతో సుగంధం వెదజల్లే 'లోక్‌లేయి' అనే అల్లం జాతి మొక్క, నీటి అంచులలో తామర, ముళ్ల ఆకుల మఖానా కనిపిస్తాయి. అన్నిటిలోకి ముఖ్యమైనది 'ఇషింగ్ కంబోంగ్' అనే అడవి వరి. దాని లేత చిగుళ్లు సంగాయికి ప్రియమైన మేత. ఒక జాతి శిలీంధ్రం సోకి ఉబ్బిన దాని కాడలను మనుషులు కూరగాయగా తింటారు. మొక్కకు పట్టిన తెగులు మనిషికి రుచి కావడం విచిత్రమే. ఒకే మొక్క మీద అటు జింక, ఇటు ఊరు ఆధారపడడం వల్ల ఈ వనం కథ కేవలం మృగాల కథగా మిగలలేదు.

సంగాయి అనే మాటకు 'వేచి చూసే మృగం' అని అర్థం చెబుతారు. పరుగు మధ్యలో ఆగి మెడ తిప్పి వెనక్కు చూసే స్వభావం వల్ల ఆ పేరు వచ్చిందట. మగజింక కొమ్ము నుదుటి మీదుగా ముందుకు వంగిన శాఖతో కలిసి ఒకే విల్లులా కనిపిస్తుంది. మెత్తని చాప మీద దిగబడకుండా కాలి మడమ వైపు భాగాన్ని కూడా ఆన్చి అడుగులు వేయడం వల్ల దాని నడక నాట్యంలా ఉంటుందంటారు. మొయిరాంగ్ గాథలలో కదేంగ్ థాంగ్‌జహాన్బా అనే వీరుని కథ ఉంది. ప్రియురాలికి కానుకగా గర్భిణి అయిన సంగాయిని పట్టి తెచ్చేసరికి ఆమెను రాజు వివాహమాడి ఉన్నాడు. విరిగిన మనస్సుతో అతడు ఆ జింకను కైబుల్ లామ్‌జావోలో విడిచిపెట్టాడని, ఆనాటి నుండి అది సంగాయిల నెలవైందని జనశ్రుతి. అరిబమ్ శ్యామ్ శర్మ 1988లో నిర్మించిన డాక్యుమెంటరీ చిత్రం ఈ జింకను మణిపూర్ సరిహద్దులు దాటించి పరిచయం చేసింది.

ఇంఫాల్ నుండి మొయిరాంగ్ మీదుగా సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణిస్తే వనం చేరవచ్చు. 1944 ఏప్రిల్ 14న ఆజాద్ హింద్ ఫౌజ్ పతాకం ఎగిరిన ఊరు ఆ మొయిరాంగే. వనంలో పాబోత్, తోయా, చింగ్‌జావో అనే మూడు చిన్న గుట్టలున్నాయి. వర్షాకాలంలో నీరు పొంగినప్పుడు జింకలకు అవే ఆశ్రయం. సందర్శకులు సామాన్యంగా గుట్ట మీది నుండే సంగాయిని చూస్తారు. తెల్లవారుజామున మంచు విడుతుండగా గడ్డిలో కొమ్ములు కదిలితే అదే దర్శనం. చాప మీద కాలు మోపినవారికి అడుగడుగునా నేల ఊగుతున్నట్లుంటుంది. సంగాయితో పాటు పాడా జింక, అడవిపంది, నీటికుక్క ఇక్కడ నివసిస్తాయి. చలికాలంలో వలస పక్షులు దిగుతాయి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ జింకకు అత్యున్నత రక్షణ కల్పించింది. 1975లో విమానం నుండి జరిపిన గణనలో కనిపించినవి మాత్రం 14. ఒక ఉపజాతి మొత్తానికి అడవిలో మిగిలిన సంఖ్య అంతే. 1977లో కైబుల్ లామ్‌జావోను జాతీయ వనంగా ప్రకటించారు. వేట తగ్గింది, మంద మెల్లగా పెరిగింది. చట్టం చేయగల పనిని చట్టం చేసింది.

అయితే వేటగాడి కంటే తీవ్రమైన సమస్య నీటి నుండి వచ్చింది. లోక్‌తాక్ జలవిద్యుత్ పథకం కోసం మణిపూర్ నది మీద ఇథాయి వద్ద నిర్మించిన బరాజ్ 1983లో పనిచేయడం ప్రారంభించింది. సరస్సు నీటిని సొరంగం ద్వారా పడమటి వైపు లేయిమతాక్ లోయలోకి దింపి 105 మెగావాట్ల విద్యుత్తు ఉత్పత్తి చేయడం, ఎత్తిపోతల ద్వారా పొలాలకు నీరందించడం పథకం ఉద్దేశ్యాలు. కొండ రాష్ట్రానికి వెలుగు అవసరమని కాదనేవారు లేరు. కాని దక్షిణంగా చింద్విన్ వైపు, దాని ద్వారా ఐరావతిలోకి సాగవలసిన నీరు దారి మళ్లింది. అంతకంటె ముఖ్యంగా, సరస్సు మట్టం ఏడాది పొడవునా సముద్రమట్టానికి సుమారు 768 మీటర్ల ఎత్తున నిలిచిపోయింది.

దాని పర్యవసానం అర్థం కావాలంటే ఫుమ్‌డీ జీవితచక్రం తెలియాలి. పూర్వం శీతాకాలం చివర నీరు తగ్గగానే చాప కిందికి దిగి సరస్సు అడుగును తాకేది. వేళ్లు బురదలోకి దిగి పోషకాలను గ్రహించేవి. వానలు రాగానే బలపడిన చాప మళ్లీ పైకి తేలేది. ఇలా ఏటా ఒకసారి నేలను తాకడమే దాని మనుగడకు ఆధారం. మట్టం మారని సరస్సులో చాపకు అడుగు అందదు. వేళ్లకు మేత లేక అది పలచబడుతుంది, ముక్కలవుతుంది. జింక బరువు మోయడానికి సుమారు మీటరు మందం కావాలని నిపుణుల అంచనా. పలచబడిన చోట డెక్కలు దిగబడతాయి. కొమ్మును, తోలును కాపాడే చట్టానికి కాలికింది చాపను కాపాడడం సాధ్యం కాలేదు. వనం సరిహద్దు కాగితం మీద చెక్కుచెదరలేదు. వనమే లోలోపల కరిగింది.

నష్టం జింకకే పరిమితం కాలేదు. సరస్సు చుట్టూ వేలాది హెక్టార్ల పొలాలు నీట మునిగాయి. చింద్విన్ నుండి ఎదురీది వచ్చే చేపలకు బరాజ్ అడ్డుగోడ అయింది. బయటికి కొట్టుకుపోవలసిన ఫుమ్‌డీలు సరస్సులోనే పేరుకున్నాయి. ఇంఫాల్ నగరపు మురుగును మోసుకొచ్చే నంబుల్ నది, గుర్రపుడెక్క దానికి తోడయ్యాయి. పొలం పోయినవారిలో పలువురు చేపలవేటకు మళ్లి, ఫుమ్‌డీల మీద గుడిసెలు వేసుకుని, ఫుమ్‌డీని వలయంగా కట్టి చేపలు పెంచారు. 2006లో వచ్చిన లోక్‌తాక్ సంరక్షణ చట్టం ఆ నివాసాలను నిషేధించగా, 2011 నవంబరులో వందలాది గుడిసెలు దగ్ధమయ్యాయి. ఒక భాగంలో చాప పలచబడిందని చింత, మరొక భాగంలో చాప పెరిగిందని తొలగింపు. రెండింటికీ మూలం ఒకే తలుపుల దగ్గరుండగా, శిక్ష మాత్రం గుడిసెకే పడడం న్యాయమనిపించుకోదు.

లోక్‌తాక్ 1990లో రాంసర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 1993లో అదే ఒప్పందం కింద, జీవావరణ స్వభావం దెబ్బతింటున్న స్థలాల పట్టికలోనూ చేరింది. 2016 గణనలో 260 సంగాయిలు లెక్కకు వచ్చాయి; అదే సంవత్సరం ఈ ప్రాంతం ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాకెక్కింది. మేత కోసం ఏటా కొంతకాలమైనా ఇథాయి తలుపులెత్తి, చాపను అడుగు తాకనివ్వాలన్నది నిపుణులు పదే పదే చేసిన సూచన. ఆ తలుపులెత్తితే ఎన్ని యూనిట్ల విద్యుత్తు తగ్గుతుందో లెక్క వేయడం సులభం. అడుగందని చాప ఎన్నేళ్లు జింకను మోయగలదన్న లెక్క ఆ పద్దులో లేదు.