భూతద్దం కింద రాణిగారి చెంప

బ్రిటిష్ మ్యూజియం ఇనుప కంచె వెంట గ్రేట్ రసెల్ స్ట్రీట్‌లో నడుస్తున్నారు మీరు. నవంబరు నెల. ఉదయం పది కావస్తున్నా వెలుతురు పూర్తిగా రాలేదు. సన్నటి జల్లు కోటు మీద పడి అక్కడే ఇంకిపోతోంది. ఓ సందు మలుపు తిరిగితే నల్ల తలుపు, ఇత్తడి గంట. గుర్తింపు కార్డు చూపించి, రిజిస్టరులో సంతకం పెట్టి, గొడుగూ సంచీ కిందే వదిలేసి మేడ మెట్లెక్కాలి. నాణేల వేలం వచ్చే వారం. ఇవాళ సరుకు చూసుకునే రోజు.

పైన గదిలో మాటల్లేవు. పొడవాటి బల్లలు, కుర్చీకో దీపం. ట్యూబ్‌లైటు కాదు, ఒకే బల్బున్న బల్లదీపం. ట్యూబ్‌లైటు వెలుతురు అన్ని వైపుల నుంచీ పడి సన్న గీతల్ని దాచేస్తుంది. ఒక్కచోటి నుంచి పడే వెలుగు దేన్నీ దాచదు. దీపం కింద ముదురు రంగు మెత్తటి గుడ్డ పరిచిన ట్రే ఉంది. నాణెం చేయి జారితే దాని మీదే పడాలి. బల్ల చివర కూర్చున్న అమ్మాయికి కేటలాగు నంబరు చెబితే చిన్న కవరు తెచ్చి పెడుతుంది. “ఒకసారికి ఒక్కటే బయటికి తీయండి” అంటుంది నవ్వుతూనే. కళ్లు మాత్రం మీ వేళ్ల మీదే ఉంటాయి.

మొదటి కవరులో 1918 నాటి సావరిన్, బ్రిటిష్ బంగారు నాణెం. బొటనవేలు, చూపుడువేలు మధ్య అంచు పట్టుకుని పైకెత్తండి. బొమ్మ మీద వేలు పెట్టకూడదు. వేలి చెమట ఈ రోజు కనబడదు, పదేళ్లకు ముద్రలా తేలుతుంది. చిన్న బిళ్లే కదా అనుకుంటారు, చేతిలోకి రాగానే దాని బరువు ఆశ్చర్యపెడుతుంది. అడ్డం 22 మిల్లీమీటర్లు, తూకం 7.988 గ్రాములు. మన ఇళ్లల్లో కాసు బంగారం అని లెక్కగట్టే ఎనిమిది గ్రాములు ఇంచుమించు ఈ నాణెం తూకమే. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు బంగారం, అంటే 22 క్యారెట్లు. మిగతాది రాగి. ఆ రాగి వల్లే నాణెం రంగు కొంచెం ఎర్రగా తిరిగింది.

బొమ్మవైపు అయిదో జార్జి తల, ఎడమవైపు చూస్తోంది. మెడ తెగిన చోట బి.ఎం. అన్న పొడి అక్షరాలు, చెక్కిన శిల్పి బెర్‌ట్రామ్ మెకెనల్‌వి. బొరుసు తిప్పండి. గుర్రం మీద సెయింట్ జార్జి, చేతిలో కత్తి, గిట్టల కింద డ్రాగన్. 1817లో బెనెడెట్టో పిస్ట్రూచి అనే ఇటలీ శిల్పి చేసిన బొమ్మ ఇది. రెండు శతాబ్దాలు దాటినా ఇంకా కొత్త సావరిన్ల మీద పడుతూనే ఉంది. ఇప్పుడు భూతద్దం కంటికి దగ్గరగా పెట్టుకుని, గుర్రం కాళ్ల కింది నేలగీత మీద, తేదీకి సరిగ్గా పైన వెతకండి. ఒక చిన్న అక్షరం, నిలువు గీతలాంటి ‘ఐ’. ఇండియా అన్నమాట. మొదటి ప్రపంచ యుద్ధం చివర్లో బొంబాయి టంకశాలలోనే రాయల్ మింట్ శాఖ తెరిచింది. 1918 తేదీతో సుమారు 13 లక్షల సావరిన్లు కొట్టి, మరుసటి ఏడు మూసేసింది. 1918లోనే అక్కడే అదే తూకంతో 15 రూపాయల మొహరు కూడా కొట్టారు.

ఇక గ్రేడు, అంటే నాణెం ఎంత అరిగిందన్న లెక్క. ముందు ఎత్తైన చోట్లు చూడాలి, అరుగుదల అక్కడే మొదలవుతుంది. రాజుగారి చెంప ఎముక, కనుబొమ, మీసం, చెవి మీది జుట్టు. బొరుసున సెయింట్ జార్జి రొమ్ము, గుర్రం భుజం. ఈ నాణెంలో మీసం వెంట్రుకలు విడివిడిగా లెక్కకొస్తున్నాయి, కనుబొమ మాత్రం కొంచెం నున్నబడింది. తర్వాత దీపం కింద మెల్లగా వంచి తిప్పండి. అచ్చు దెబ్బకు లోహం మధ్య నుంచి అంచుకు పారినప్పుడు కంటికి ఆనని గాళ్లు పడతాయి. వాటి మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గిర్రున తిరుగుతుంది. ఈ వ్యాపారంలో దీన్ని కార్ట్‌వీల్ అనే అంటారు. ఆ చక్రం ఎక్కడా తెగకుండా తిరిగితే ఆ నాణెం టంకశాల నుంచి వచ్చినది వచ్చినట్టే ఉంది. చెంప మీద అక్కడక్కడా మెరిసే చిన్న గంట్లు కనిపిస్తే కంగారుపడకండి. బ్యాంకుల మధ్య సంచుల్లో తిరిగినప్పుడు నాణేలు ఒకదానికొకటి తగిలి పడ్డవి. బంగారం మెత్తన, అందుకే ఆ మచ్చలు తప్పవు. ఎన్ని ఉన్నాయి, ఎక్కడ ఉన్నాయి అన్నదే లెక్క.

అంతా బాగుంది కదా, మరి కేటలాగులో దీని అంచనా ధర బంగారం ధరకు దగ్గరగానే ఎందుకుంది? తల పైభాగాన, గడియారంలో పన్నెండు అంకె ఉండే చోట అంచు చూడండి. రంపపు పళ్లలాంటి గాట్లు అక్కడ మాత్రం చదునయ్యాయి. పక్కనే కాస్త లేతగా, పసుపు పచ్చగా ఒక చుక్క. అది టంకం. ఎప్పుడో ఎవరో కొక్కెం అతికించి దీన్ని మెడలో వేసుకున్నారు, ఆపైన ఎవరో కొక్కెం తీసేసి ఆకురాయి పెట్టారు. కేటలాగు భాషలో ‘ఎక్స్-మౌంట్’. కాసులపేరు చూసిన కళ్లకు ఇదేమీ కొత్త కాదు. లండన్‌లో బల్ల ముందు కూర్చున్నవాళ్లకు మాత్రం అది గాయం. మీసం ఎంత బాగున్నా ఇక దీనికి గ్రేడు లేదు, తూకమే.

రెండో కవరు కోసం చాలామంది వరసలో ఉన్నారు. 1859 నాటి విక్టోరియా సావరిన్, చిన్న వయసు తల, చెక్కింది విలియం వాయన్. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన బంగారం కడ్డీల్లో కొన్ని రోలరు కింద పెడితే బీటలు వారాయి. ఆంటిమొనీ, ఆర్సెనిక్, సీసం కలిసి పెళుసెక్కాయి. రాయల్ మింట్‌లో పనిచేసే జార్జి ఆన్సెల్ ఆ కడ్డీలతోనే నాణేలు కొట్టి చూపిస్తానని పట్టుబట్టి, నిజంగానే 1,67,539 సావరిన్లు కొట్టించాడు. వాటికి గుర్తుగా రాణిగారి జుట్టు కట్టిన రిబ్బను మీద ఒక గీత అదనంగా ఉంటుంది. ఆ ఒక్క గీత కోసం మీరు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఉంది, పల్చగా. మీ పక్కన కూర్చున్న ముసలాయన, స్వెటరు మోచేతుల దగ్గర తోలు అతుకులేసినాయన, తన వంతు రాగానే రెండు క్షణాలు చూసి కేటలాగు అంచున పెన్సిల్‌తో ‘వీఎఫ్’ అని రాసుకుంటాడు. కేటలాగులో మాత్రం ‘ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్‌కు దగ్గర’ అని ఉంది.

వ్యవహారమంతా ఆ తేడాలోనే ఉంది. బ్రిటిష్ గ్రేడు మెట్లు కొన్నే: ఫైన్ అంటే బాగానే అరిగింది, వెరీ ఫైన్ అంటే కొంత తిరిగింది, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ అంటే ఎత్తైన చోట్లే కొద్దిగా తగిలింది, ఆపైన అన్‌సర్క్యులేటెడ్, అంటే వాడకంలోకే రానిది. ఎఫ్‌డీసీ అన్నది మచ్చలేని నాణేనికే వాడాలి, వ్యాపారులు దాన్ని తాంబూలంలా పంచిపెడుతుంటారు. ఆన్సెల్ లాంటి నాణేనికి ఒక్క మెట్టు తేడాతో ధర రెండింతలు కావచ్చు. ఆ పైన వేలం సంస్థ రుసుము, చాలాచోట్ల అయిదో వంతుకు మించే. అమెరికావాళ్లకు ఈ మాటల మెట్లు చాల్లేదు. విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పాత రాగి సెంట్ల కోసం వేసిన 70 పాయింట్ల లెక్కను అన్ని నాణేలకూ పట్టించారు. 1980లలో పీసీజీఎస్, ఎన్‌జీసీ సంస్థలు వచ్చి, నాణేన్ని ప్లాస్టిక్ పెట్టెలో బిగించి అంకె అతికించి పంపడం మొదలుపెట్టాయి. ఆ పెట్టెను స్లాబ్ అంటారు. ఎక్కడో కూర్చుని తెరమీద చూసి కొనేవాళ్లకు అది మంచి కాపు, నకిలీల బెడద తగ్గుతుంది. నా మటుకు నాకు, ప్లాస్టిక్ వెనక నాణెం అంచు సరిగా కనబడదన్నదే పెద్ద వెలితి. 63కూ 64కూ తేడా చెప్పగలిగే కన్ను, నాణేన్ని చేత్తో తిప్పుతూనే తయారవుతుంది.

మధ్యాహ్నం వెండి నాణేల ట్రేలు అడగండి. మొదట గోథిక్ క్రౌన్, 1847. ఇదీ వాయన్ పనితనమే. 8,000 మాత్రమే కొట్టారు. కిరీటం పెట్టుకున్న విక్టోరియా, భుజాల మీద కుట్టుపని వస్త్రం, వెనక్కి దిగిన జడ. అక్షరాలన్నీ మధ్యయుగపు రాతల్లా వంపులు తిరిగి ఉన్నాయి, సంవత్సరం కూడా రోమన్ అంకెల్లోనే. బొరుసున కిరీటాలు పెట్టిన నాలుగు కవచాలు సిలువలా అమరాయి. 28 గ్రాముల పైన, నూటికి తొంభై రెండున్నర పాళ్లు వెండి. ఇంగ్లండులో ఇంత అందమైన వెండి నాణెం మరొకటి లేదనేవాళ్లతో నేను వాదించను.

అద్దంలా మెరిపించి కొట్టిన నాణెం ఇది, కాబట్టి గీత పడితే దాక్కోదు. భూతద్దం తీసేసి మామూలు కంటితో చూస్తే తెల్లగా ధగధగలాడుతోంది. ఆ తెలుపే అనుమానం. నూట డెబ్భై ఏళ్లు దాటిన వెండికి గాలిలోని గంధకం తగిలి బూడిద రంగో, నీలమో, అంచుల్లో ఊదా ఛాయో దిగాలి. మహాగని చెక్క అరల్లో పెరిగిన నాణేల మీద ఆ రంగు ఎంత నిదానంగా కమ్ముకుంటుందో చూస్తే, దాన్ని తుడిచే మనసు రాదు. భూతద్దం పెట్టి దీపం కిందకి వంచండి. రాణిగారి ముఖం ముందున్న ఖాళీ నిండా వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ ఒకే వాలులో. గుడ్డ నడిచిన దారి అది. అక్షరాల సందుల్లో మాత్రం పాత నలుపు మిగిలింది. ఎవరో ప్రేమగానే రుద్దారు. ఆ ప్రేమ ఖరీదు వేల పౌండ్లు. ముసలాయన ఈసారి ఏమీ రాసుకోలేదు, కవరు మూసి ముందుకు తోశాడు.

పక్కనే 1703 నాటి క్రౌన్. ఆన్ రాణి బొమ్మ కింద ‘విగో’ అని నాలుగు రోమన్ అక్షరాలు. 1702లో స్పెయిన్ తీరాన విగో అఖాతంలో పట్టుకున్న ఓడల వెండితో కొట్టిన నాణెం. అప్పుడు టంకశాల అధిపతి ఐజాక్ న్యూటన్. దీని మీద అడ్డంగా కొన్ని గీతలున్నాయి, వాటిని చూసి తుడిచారనుకోకండి. ఆ కాలంలో బిళ్ల తూకం ఎక్కువైతే కొట్టడానికి ముందే ఆకురాయితో గీకేవారు. ఆ గీతలు టంకశాలవి. కాబట్టి తప్పు లేదు. ఆన్ ముఖం బాగా అరిగింది, వంద చేతులు మారి ఉంటుంది. అయినా రంగు చెక్కుచెదరలేదు. ఈ రెండు వెండి నాణేల్లో నా చేతికి వచ్చేది ఏదంటే, తడుముకోకుండా ఈ అరిగినదే.

నకిలీలు వేరే తంతు. న్యూటన్ పట్టుకున్న దొంగనాణేల విలియం ఛాలొనర్‌ను 1699 మార్చిలో టైబర్న్‌లో ఉరితీశారు. గత శతాబ్దం మధ్యలో బేరూత్ వైపు నుంచి వచ్చిన నకిలీ సావరిన్లలో చాలావాటిలో బంగారం సరిగ్గానే ఉండేది. అందుకే తూకం ఒక్కటే చాలదు. అక్షరాల పాదాలు మొద్దుబారాయా, నేల మీద చిన్న చిన్న బుడిపెలున్నాయా, అంచు గాట్లు ఒక్క తీరున పడ్డాయా అని చూడాలి.

నాలుగు గంటలకే కిటికీ బయట చీకటి పడుతుంది. అమ్మాయి ట్రేలు లెక్కపెట్టుకుంటోంది. మీ కేటలాగులో మిగిలిన పెన్సిల్ గుర్తులు రెండో మూడో.

ఇది చదివి ఇంట్లో నాయనమ్మ పెట్టె తెరిచేవాళ్లకు ఒక మాట. అందులో జార్జి తలో, విక్టోరియా తలో ఉన్న కాసు దొరికితే కుంకుడురసంలో వేయకండి, వెండిదైతే విభూతితో తోమకండి, మెరుగు పెట్టమని కంసాలికి ఇవ్వకండి. అంచు పట్టుకుని తేదీ చూడండి, గుర్రం కింది నేలగీత మీద అక్షరం వెతకండి, మెత్తటి కాగితంలో చుట్టి మళ్లీ అక్కడే పెట్టండి. లండన్ వేలానికి పంపుదామన్న ఆలోచన వస్తే మాత్రం ఆగండి. నూరేళ్లు నిండిన నాణెం మన 1972 పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. సొంతానికి దేశం దాటించడం నేరం. బొంబాయిలో కొట్టిన 1918 సావరిన్‌కు నూరేళ్లు ఎప్పుడో దాటాయి.